పన్నెండు గడుల ఒట్టు

ఆగస్టు 3, సోమవారం

ఉదయం 7:10. ఓడల రంగుల కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఏడు నెలలుగా మా ఇంట్లో వేడి గిన్నెల కింద పెట్టుకుంటున్నాం. అట్ట మీద నల్లటి గుండ్రం పడింది. అయినా సరే, లోపలి కాగితాలు తెల్లగా ఉన్నాయి. నా భవిష్యత్తు లాగే!

ఒట్టు ఎందుకంటే: నేను ఇండోనేషియాలోని బాతాం దీవిలో, ఓడల యార్డులో పైపుల డిజైనర్ని. నా పైపులు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. నా తోటి డిజైనర్ యుల్ఫా గీసే ఓడ డొల్ల ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. రోజూ నా ప్రాజెక్టు డేటా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆమె దాంట్లోకి ఇంపోర్ట్ చేయాలి. వర్క్‌షాప్‌కి వెళ్ళే డ్రాయింగులు అక్కడి నుంచే వస్తాయి. ఇంపోర్ట్ నొక్కగానే ఒక కిటికీ తెరుచుకుని పన్నెండు ప్రశ్నలు అడుగుతుంది. పన్నెండు గడులు. చదివి టిక్కు పెట్టాలి. నేను పదకొండేళ్ళుగా చదవకుండా ఎంటర్, ఎంటర్, ఎంటర్ కొడుతున్నాను. జూలైలో అలాగే కొట్టి, కొత్త ఫైలు మీదికి పాత ఫైలు ఎక్కించాను. తొమ్మిది రోజుల పని గాలికి పోయింది. మా డిజైన్ హెడ్ బు ముర్నీ, అంటే ముర్నీ మేడమ్, కోప్పడలేదు. "ఇలా ఇంకోసారి జరగదు కదా, పర్లిన్?" అని మెల్లగా అడిగింది. తిడితే బాగుండేది.

నియమాలు:
1. రోజూ సాయంత్రం 4:00కి, ముందు పాతది తేదీ పేరుతో దాచాలి. తర్వాతే ఇంపోర్ట్.
2. పన్నెండు గడులూ తెర మీద వేలు పెట్టి చదవాలి.
3. గోడ మీద అంటించిన పట్టీలో సంతకం. "చూశాను, చదివాను, ఎక్కించాను."
4. ఇదంతా అయ్యేదాకా గేటు దగ్గర మాక్ ఈజా బండికి వెళ్ళకూడదు. అరటిపండు బజ్జీ ఉండదు!

సాయంత్రం 4:22. దిగ్విజయం! పన్నెండుకి పన్నెండు చదివాను. యుల్ఫా కుర్చీ వెనక్కి వాల్చి చూసింది.

"ఏంటి బాంగ్, వేలు పెట్టి చదువుతున్నావు? ఒకటో తరగతిలో మళ్ళీ చేరావా?"

"నవ్వుకో. డిసెంబరు దాకా ఇంతే."

"ఏ సంవత్సరం డిసెంబరు?"

ఆమెకి ఇరవై ఆరేళ్ళు, అందుకే నన్ను బాంగ్, అంటే అన్నయ్యా, అంటుంది. పశ్చిమ సుమత్రా మీనాంగ్ పిల్ల. నాలుక కొబ్బరి కోరాములా ఉంటుంది. పట్టించుకోను.

ఆగస్టు 4, మంగళవారం

4:20కి పూర్తి. ఈరోజు ఏడో గడి గొప్పతనం అర్థమైంది. నా సాఫ్ట్‌వేర్ ఓడ ఎడమ పక్కని ప్లస్‌గా లెక్కపెడుతుంది. యుల్ఫాది కుడి పక్కని. అందుకే ఏడో గడి అడుగుతుంది: "ఎడమ కుడులు మార్చాలా?" మార్చాలి. ప్రతిసారీ టిక్కు పెట్టాలి. మర్చిపోతే పైపులన్నీ అద్దంలో బొమ్మల్లా తిరగబడతాయి. పదకొండేళ్ళుగా ఆ టిక్కు ఎవరు పెట్టారు? వేళ్ళు వాటంతటవే పెట్టాయి కాబోలు. భయమేసింది.

పైపుల వర్క్‌షాప్ పెద్దమేస్త్రి పాక్ బాసో వచ్చాడు (పాక్ అంటే ఇక్కడ పెద్దాయన). సులవేసి దీవి బూగిస్ మనిషి, వాళ్ళ వంశమంతా ఓడలు కట్టినవాళ్ళే. గోడ మీద పట్టీ చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మా తాత నూరు చెక్క ఓడలు కట్టాడు నాయనా. ఒక్క డ్రాయింగు లేదు. అంతా ఇక్కడే" అని నుదురు తట్టాడు. "ఆయన ఎక్స్‌పోర్ట్ చేసింది నాకు. ఇంపోర్ట్ చేసుకుంది నేను. మధ్యలో నీలాంటోడు లేడు, అదీ అదృష్టం!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ నెల ముప్పై ఒకటిన ఆయన రిటైరవుతున్నాడు. ఇప్పుడు కడుతున్న దీవుల ఫెర్రీ ఆయన చివరి ఓడ. ఇరవై తొమ్మిదిన పౌర్ణమి పోటు ఉంది, ఆ రోజు పొద్దున 10:40కి నీళ్ళు గట్టు అంచుదాకా వస్తాయి. అప్పుడే ఓడని జారవిడవాలి. తప్పితే మళ్ళీ అంతటి పోటుకి నెల ఆగాలి. అప్పటికి ఆయన సులవేసిలో మనవళ్ళతో ఉంటాడు.

"దాన్ని నీళ్ళలో చూసి పోతాను, అంతే నా కోరిక" అన్నాడు వెళ్తూ.

ఆగస్టు 5, బుధవారం

4:19. నిమిషం తగ్గింది! దాచిన ఫైళ్ళు మూడయ్యాయి. పేర్లన్నీ తేదీలతో, పరేడ్‌లో పోలీసుల్లా వరసగా ఉన్నాయి. ఇంతకుముందు నా ఫైళ్ళ పేర్లు: చివరిది, చివరిది2, నిజంగాచివరిది, అమ్మతోడుచివరిది.

బజ్జీలు చల్లారిపోయాయి. ఫరవాలేదు. తపస్సు అన్నాక ఇవన్నీ ఉంటాయి.

ఆగస్టు 6, గురువారం

4:16. వేలు పెట్టలేదు. కళ్ళతో చదివాను. చదువుకున్న వాళ్ళు కళ్ళతోనే కదా చదువుతారు.

బజ్జీలు రెండే మిగిలాయి. ఒకటి యుల్ఫా తీసుకుంది.

ఆగస్టు 7, శుక్రవారం

4:20. బండి దగ్గరికి వెళ్ళేసరికి మాక్ ఈజా మూకుడు కడుగుతోంది.

"ఏం కొడుకా, ఈ వారమంతా ఆలస్యం? ఒంట్లో బాగాలేదా?"

"పని, మాక్."

"నీకు పనా?" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఈ యార్డులో నాకున్న పేరు ఇది!

ఆలోచించాను. నాలుగింటికే చేయాలని ఎవరన్నారు? నేనే. మార్చే హక్కు కూడా నాదే. సోమవారం నుంచి 3:50.

ఆగస్టు 10, సోమవారం

3:50కి మొదలు. ఆరు గడులు చదివాను. మిగతా ఆరూ శుక్రవారంలాగే ఉంటాయి కదా, రెండు రోజుల్లో ఏం మారతాయి? టిక్కు మాత్రం పెట్టాను. ఏడోదానికి కూడా.

పదిహేడున ఇక్కడి స్వాతంత్ర్య దినం. యార్డులో ఆటల పోటీలున్నాయి. తాడులాగుడులో వర్క్‌షాప్ మీద డిజైన్ ఆఫీసు. చివర్లో తాడు నడుముకి చుట్టుకునే మనిషిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అర్హత: తొంభై నాలుగు కిలోలు. సాధన రోజూ సాయంత్రం నాలుగింటికి!

దేశం పిలిచింది. ఏం చేయను?

పట్టీ మీద రోజూ సంతకానికి పెన్ను వెతకడంలోనే రెండు నిమిషాలు పోతున్నాయి. ఈ వారానికంతా ఒకేసారి పెట్టేశాను. చదవడం ఎలాగూ చదువుతాను కదా, సంతకం ముందైతే ఏమిటి, వెనకైతే ఏమిటి? చెయ్యి ఊపులో ఉంది, ఇరవై ఎనిమిది దాకా పెట్టేశాను.

ఆగస్టు 11, మంగళవారం

3:52. ఈరోజు ఒక మహత్తర విషయం కనిపెట్టాను!! కిటికీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పదమూడో గడి ఉంది. "ఈ కిటికీని ఇకపై చూపించవద్దు."

పదకొండేళ్ళు! ఇది ఇక్కడే ఉంది! ఎవరూ చెప్పలేదు!

తర్కం ఇది. నేను మనిషిని, మర్చిపోతాను. కంప్యూటరు యంత్రం, మర్చిపోదు. ఈరోజు పెట్టిన టిక్కులని అదే గుర్తుపెట్టుకుని రోజూ పెట్టేస్తుంది. అంటే ఒట్టు తప్పడం కాదిది, ఒట్టుని కంప్యూటరుకి అప్పగించడం. టిక్కు పెట్టాను. కిటికీ మాయమైంది. ఒళ్ళంతా తేలికైంది.

ఆగస్టు 12, బుధవారం

నలభై సెకన్లు! బజ్జీ నోట్లో పెడితే కాలింది. ఆనందంతో కళ్ళలో నీళ్ళు.

ఆగస్టు 13, గురువారం

ఇంజన్ల గదికి సముద్రపు నీళ్ళు తెచ్చే పైపులు, మొత్తం ఇరవై రెండు ముక్కలు. డ్రాయింగులు తీసి వర్క్‌షాప్‌కి పంపేశాను, గడువుకి ఒక రోజు ముందే. బు ముర్నీ వచ్చి పట్టీ చూసి తల ఊపింది.

"ఈసారి నిజంగానే మారావు పర్లిన్."

సిగ్గుపడ్డాను. వినయం వల్ల అనుకుంది.

పాత ఫైలు దాచడం: రేపు.

ఆగస్టు 14, శుక్రవారం

యుల్ఫా సెలవు మీద పడాంగ్ వెళ్ళింది, చెల్లి పెళ్ళి. పది రోజులు నన్ను వెక్కిరించేవాళ్ళు లేరు. నాలుగింటి నుంచి తాడు. పాత ఫైలు: సోమవారం. కాదు, సోమవారం సెలవు. మంగళవారం.

ఆగస్టు 17, సోమవారం

వర్క్‌షాప్ గెలిచింది. మూడు లాగుళ్ళలోనూ. నేను బురదలో బోర్లా పడ్డాను, తాడు నడుముకి ఉండడంతో మొత్తం జట్టు నామీద పడింది.

పాక్ బాసో వాళ్ళ వైపు లెక్క చెప్పేవాడు. ఒకటి, రెండు, లాగు! ఒకటి, రెండు, లాగు! అరవై నిండిన మనిషి గొంతు అది! నన్ను లేపి, బురద తుడిచి ఒక మాటన్నాడు.

"నీకు బలం ఉంది నాయనా. ఓపికే లేదు. మొదటి లాగుకే అంతా పెట్టేస్తావు."

తాడు గురించే అన్నాడు.

ఆగస్టు 18

వేడి. బజ్జీ.

ఆగస్టు 20

ఈ డైరీ ఇంట్లో మర్చిపోయాను రెండు రోజులు. నా భార్య తియూర్ దాని మీద పులుసు గిన్నె పెట్టింది. అట్ట మీద రెండో గుండ్రం.

ఆగస్టు 21, శుక్రవారం

పొద్దున 9:30. వర్క్‌షాప్ నుంచి ఫోను. పాక్ బాసోది కాదు, ఆయన కింద పనిచేసే మేస్త్రి ఇర్వాన్‌ది. "బాంగ్ పర్లిన్, పైపులు కూర్చోవడం లేదు."

9:50. ఓడ లోపల. ఇరవై రెండు ముక్కలు తయారై, ఇంజన్ల గదిలో నేల మీద వరసగా ఉన్నాయి. పాక్ బాసో ఒకదాన్ని ఎత్తి ఇంజను పక్కన పెట్టాడు. వంపు ఇటు రావాలి, అటు వెళ్తోంది. ఇంకోటి ఎత్తాడు. అదీ అటే. నీళ్ళు లోపలికొచ్చే రంధ్రం ఎడమ పక్కనుంటే, పైపు కుడి పక్కకి చెయ్యి చాపి నిలబడింది.

10:30. ఫోనులో బు ముర్నీ. ఆమె సింగపూరులో ఉంది, ఓడ కొనేవాళ్ళతో మీటింగులో. స్పీకరు మీద అందరం విన్నాం.

"పర్లిన్, పదమూడో తారీఖున పన్నెండు గడులూ చదివావా?"

నోరు తెరిచాను. నాకంటే ముందు ఇర్వాన్ చెప్పాడు: "పట్టీలో సంతకం ఉంది బు. నేను చూసే వచ్చాను."

"అయితే డ్రాయింగు తప్పు కాదు. పాక్ బాసో, నిరుడు మీ కంటికి ఆపరేషన్ అయింది కదా. కాగితాన్ని తిరగేసి చదివారేమో."

పాక్ బాసో చేతిలోని పైపుని నేల మీద దించాడు. తర్వాత, "అయ్యుండొచ్చు బు" అన్నాడు.

మధ్యాహ్నం 1:15. నా కుర్చీలో కూర్చుని డ్రాయింగు తెరిచాను. ఐదు నిమిషాలు పట్టలేదు. ఇంపోర్ట్ సెట్టింగుల పట్టికలో ఏడో గడి ఖాళీ. కిటికీ చూపించకపోతే సాఫ్ట్‌వేర్ నా టిక్కులు గుర్తుపెట్టుకోదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా పనిచేస్తుంది. పన్నెండో తారీఖు నుంచి ప్రతి ఇంపోర్టూ తిరగబడే ఎక్కింది. ఇంజన్లు రెండు, గది అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, అందుకే తెర మీద నా కంటికి ఆనలేదు. అసలు నేను చూస్తే కదా ఆనడానికి!

ఆయన గీసినట్టే చేశాడు. తప్పంతా నాది.

ఆగస్టు 22, శనివారం

అర్ధరోజు పని. చెప్పలేదు. కారణాలు రాసుకుంటున్నాను:
ఒకటి, బు ముర్నీ సింగపూరులో ఉంది. ఫోనులో చెప్పే విషయం కాదు.
రెండు, ఆయన ఎలాగూ తొమ్మిది రోజుల్లో వెళ్ళిపోతాడు. నాకింకా ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఉంది.
మూడు, ఆయనే "అయ్యుండొచ్చు" అన్నాడు.

మూడోది రాశాక నామీద నాకే అసహ్యం వేసింది.

ఇంకో దారి కూడా ఉంది. ఏడో గడికి టిక్కు పెట్టి, డ్రాయింగులు మళ్ళీ తీసి, పాతవాటి చోట పెట్టేస్తే ఎవరికీ తెలియదు. యుల్ఫా లేదు. వర్క్‌షాప్ కాగితాలు ఎవరూ మళ్ళీ విప్పరు. అంతా నలభై సెకన్ల పని. మౌసు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు. నొక్కలేదు. అలాగని లేచి వెళ్ళి చెప్పనూ లేదు.

12:40. గేటు దగ్గర పాక్ బాసో కనిపించాడు. డ్రాయింగు కాగితాన్ని ఎండకెత్తి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసుకుంటున్నాడు. నన్ను చూసి మడిచేశాడు.

"ఏ కన్ను మోసం చేసిందో కనుక్కుందామని" అని నవ్వాడు.

ఇంట్లో ఎండుచేప వేపుడు. తినలేకపోయాను. తియూర్ గరిటె పట్టుకుని నిలబడింది.

"తోగార్ వాళ్ళ నాన్నా, నువ్వు అన్నం వద్దన్నావంటే ఎవరో పోయుండాలి. ఎవరు?"

చెప్పాను. అంతా చెప్పాను. తాడు, బజ్జీ, పదమూడో గడి, సంతకాలు.

ఆమె గరిటె కింద పెట్టింది. తర్వాత పళ్ళెం నా ముందుకి జరిపింది.

"తిను. సోమవారం పొద్దున ఆ మాట గొంతులోంచి బయటికి రావాలంటే బలం కావాలి. చెప్పకుండా సాయంత్రం ఇంటికొచ్చావనుకో, గిన్నెల కింద ఆ డైరీ కాదు, నిన్ను పెడతాను."

ఆగస్టు 24, సోమవారం

పొద్దున 7:40. మీటింగు. బు ముర్నీ, పాక్ బాసో, ఇర్వాన్, పడాంగ్ నుంచి దిగీ దిగగానే వచ్చిన యుల్ఫా, నేను.

బు ముర్నీ నీళ్ళు తాగి మొదలుపెట్టింది. "ఇరవై రెండు ముక్కలూ మళ్ళీ చేయాలంటే పోటు తప్పిపోతుంది. అయినా ప్రయత్నిద్దాం. ఇర్వాన్ చూసుకుంటాడు. పాక్ బాసో, మీరు ఈ వారం స్టోరులో ఉండండి. శనివారం గట్టు మీదా ఇర్వానే నిలబడతాడు. మీ మంచికే చెబుతున్నాను."

పాక్ బాసో తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

లేచి బయటికి వెళ్ళాను. నా వెనక బు ముర్నీ "పర్లిన్?" అంటోంది. గోడ మీది పట్టీ పీకి తెచ్చి బల్ల మీద పెట్టాను.

"బు, ఈరోజు ఎన్నో తారీఖు?"

"ఇరవై నాలుగు."

"సంతకాలు ఎందాకా ఉన్నాయో చూడండి."

చూసింది. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. చూశాను, చదివాను, ఎక్కించాను. ఇంకా రాని రోజులకి కూడా చూశాను, చదివాను, ఎక్కించాను.

అందరూ తమకి కావలసిన పదమూడో తారీఖు వరసే చూశారు. దాని కింద ఏముందో ఎవరూ చూడలేదు. కిటికీ ముందు నేను చేసే పనే ఇది.

"పదకొండు తర్వాత నేను ఒక్క గడి కూడా చదవలేదు. కిటికీయే రాకుండా చేసుకున్నాను. పాక్ బాసో కళ్ళకి ఏమీ కాలేదు. ఆయన నేను పంపింది పంపినట్టు చేశాడు."

"ఎందుకు?" అంది బు ముర్నీ.

అబద్ధాలు అయిపోయాయి నా దగ్గర. "బజ్జీలు చల్లారిపోతున్నాయి బు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం ఎంత భయంకరంగా ఉంటుందో నాకు ఈరోజే తెలిసింది. వారం తిరిగేలోగా హెచ్చరిక ఉత్తరం వస్తుందని చెప్పింది. సరేనన్నాను.

అప్పుడు పాక్ బాసో కళ్ళజోడు పెట్టుకున్నాడు. నావైపు చూడలేదు.

"అంటే పైపులు తప్పు కాదు. పక్క తప్పు" అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఇంజన్లు రెండు. గది అటూ ఇటూ ఒకటే. ఎడమదాన్ని తిప్పి గీస్తే వచ్చేది కుడిదే కదా. నంబర్లు చెరిపేసి, అటువి ఇటు, ఇటువి అటు పెడితే..."

యుల్ఫా అప్పటికే తెర తిప్పి లెక్కపెడుతోంది. "పదిహేడు సరిపోతాయి! నీళ్ళ రంధ్రం ఎడమ పక్క ఒక్కటే ఉంది కాబట్టి, దాని చుట్టూ ఉన్న ఐదు మాత్రం సరిపోవు."

"ఐదుకి నాలుగు రోజులు చాలు. చేసేది నేనే" అన్నాడు పాక్ బాసో. ఇప్పుడు నావైపు తిరిగాడు. "డ్రాయింగు పట్టుకునేది వీడు. నాలుగు రోజులూ. కూర్చోకుండా."

బు ముర్నీ కాసేపు పట్టీని చూసింది. తర్వాత ఆయనతో, "శుక్రవారం నేనన్న మాటకి క్షమించండి పాక్" అంది. స్టోరు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆగస్టు 25, మంగళవారం

ఒక ముక్క పూర్తి. వర్క్‌షాప్‌లో రేకుల కింద పెనం మీద ఉన్నట్టుంది. పాక్ బాసో ప్రతి కొలతకీ అడుగుతాడు: "ఎడమా, కుడా?" చెప్పాలి. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ చెప్పాలి. నా డ్రాయింగుని ఇంత శ్రద్ధగా చదివే మనిషి ఉన్నాడని పదకొండేళ్ళలో నాకు తెలియదు. నేను ఎంటర్ కొట్టిన ప్రతిదాన్నీ ఈయన ఇలాగే చదివాడన్నమాట.

ఆగస్టు 26, బుధవారం

రెండు, మూడు పూర్తి. పదిహేడూ పక్కలు మార్చి బిగించారు. చెప్పులేసినట్టు కూర్చున్నాయి! నా కాలికి బొబ్బ. బజ్జీ లేదు. గుర్తు కూడా రాలేదు (4:40 దాకా).

ఆగస్టు 27, గురువారం

నాలుగోది. వెల్డింగ్ పగిలింది, మళ్ళీ చేశారు. సాయంత్రం యుల్ఫా బజ్జీల పొట్లం తెచ్చి అందరికీ పంచింది. నా వంతు వచ్చేసరికి ఆగింది.

"బాంగ్, నీకిస్తే ఓడ మునుగుతుందేమో?"

"ఇవ్వమ్మా, పస్తులుంచకు" అన్నాడు పాక్ బాసో. సోమవారం తర్వాత నా తరఫున ఆయన అన్న మొదటి మంచి మాట. కళ్ళు చెమర్చాయి. ఈసారి బజ్జీ చల్లగానే ఉంది.

ఆగస్టు 28, శుక్రవారం

సాయంత్రం 5:10. ఐదోది కూర్చుంది! బోల్టులు బిగించి, నీళ్ళు పట్టి చూశారు. చుక్క కారలేదు. చుక్క!!

ఆగస్టు 29, శనివారం

పొద్దున 9:00. పసుపు అన్నం గోపురంలా పేర్చి, దువా చదివి, అందరం తిన్నాం.

10:15. పాక్ బాసో నన్ను ఓడ కిందికి రమ్మని సైగ చేశాడు. వంగి వంగి వెళ్ళాం. అడుగు దూలం మధ్యలో సుద్దతో చిన్న చుక్క పెట్టి ఉంది.

"మా వైపు ఓడని నీళ్ళలోకి దించే ముందు, అప్పుడే పుట్టిన బిడ్డకి లాగా దానికి బొడ్డు పెడతారు. చెక్కకైతే రంధ్రం వేస్తాం. ఇనుముకి వేస్తే బు ముర్నీ నన్ను చంపుతుంది. అందుకే సుద్ద. ముప్పై నాలుగేళ్ళలో ప్రతి ఓడకీ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు." సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "ఆ చుక్క మీద ఇంకోసారి దిద్దు."

"నేనా? ఎడమ పక్క దిద్దుతానేమో, చూసుకోండి."

"మధ్యదానికి పక్కలుండవు. అక్కడైతే నువ్వు కూడా తప్పు చేయలేవు. దిద్దు."

దిద్దాను. 

10:40. గట్టు మీద ఆయన నిలబడి చెయ్యెత్తాడు. ఒకటి, రెండు, వదులు! ఓడ కదిలింది. మొదట ఏమీ కానట్టే మెల్లగా, తర్వాత మనుషులంతా అరుస్తుండగా నీళ్ళలోకి వెళ్ళి, ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, నిటారుగా నిలబడింది. పాక్ బాసో ఏడ్చాడు. దాచుకోలేదు. నేను ఆయన కంటే ఎక్కువ ఏడ్చాను, యుల్ఫా ఫోటో తీసింది.

ఆగస్టు 31, సోమవారం

మొదటి రోజు! (మళ్ళీ.)

పాత పట్టీ చించేశాను. కొత్తది అంటించాను. ఒక్క సంతకానికే చోటుంది, రోజూ కొత్త కాగితం. హెచ్చరిక ఉత్తరం వచ్చింది, దాన్ని పట్టీ పక్కనే అంటించాను. పోయిన కిటికీని ఎలా తెప్పించాలో యుల్ఫాని అడిగి, ఆమె నవ్వినంతసేపూ ఓర్చుకున్నాను.

3:58. పాక్ బాసో సంచీ భుజానికేసుకుని వచ్చాడు. అందరికీ చెప్పి వెళ్ళడానికి. చేతిలో బజ్జీల పొట్లం, ఇంకో చేతిలో జానెడు పైపు ముక్క. వంపు తప్పు పక్కకి తిరిగిన ఐదింట్లో అన్నిటికన్నా చిన్నది. నా బల్ల మీద పెట్టాడు.

"పెన్నులు పెట్టుకో."

తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "సాయంత్రం ఫ్లైటు. గంట టైముంది. కానివ్వు, చదువు. నేను వింటాను."

తెర మీద వేలు పెట్టి, పైకి చదివాను. ఒకటి. రెండు. మూడు. బయట మాక్ ఈజా బండి గంట మోగింది. పొట్లంలోంచి వాసన. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిది...

"ఆగు" అన్నాడు. "ఏడోది ఇంకోసారి చదువు నాయనా."

చదివాను. పన్నెండూ అయ్యేదాకా ఆయన పొట్లం విప్పలేదు. చల్లటి బజ్జీలు ఇద్దరం తిన్నాం.

సెప్టెంబరు 1, మంగళవారం

3:50. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పైపు ముక్కని తెర పక్కకి జరిపి మొదలుపెట్టాను.

"బాంగ్, పైపుకి చదివి వినిపిస్తున్నావా?" అంది యుల్ఫా.

"అవును. ఏడోది రెండుసార్లు."

4:21. సంతకం. ఈరోజుది మాత్రమే.